బిడ్డ ఇంగ్లండు పల్లెటూళ్లో ఇల్లు కొంటానంటోందా? డబ్బు పంపే ముందు ఇవి చూసుకోండి

ఆ మధ్య నవంబర్‌లో నేనూ మా ఇంటామె ఇంగ్లండు పోయి, మా బిడ్డ దగ్గర ఐదు నెలలు ఉండి వచ్చాం. బిడ్డ ష్రూజ్‌బరీ అనే పట్టణంలో నర్సు, అల్లుడిది ఇంట్లోనే కూర్చుని చేసే కంప్యూటర్ పని. అద్దె ఇల్లు ఇరుకైంది, పక్క ఊళ్లల్లో ఎక్కడైనా సొంతిల్లు చూసుకుందాం అనుకున్నారు. శని, ఆదివారాలు వాళ్ల కారులో వెనక సీట్లో కూర్చుని 14 ఇళ్లు తిరిగి చూశాను. నల్లగొండకు తిరిగొచ్చాక గడియారం సెంటర్ దగ్గర టీ తాగుతుంటే ఇద్దరు ముగ్గురు అదే అడిగారు, "మావోడు కూడా అక్కడ పల్లెటూళ్లో ఇల్లంటున్నాడు, 40 లక్షలు పంపమంటున్నాడు, ఏం చెయ్యమంటవ్ అన్నా" అని. ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నా.

ముందు ఒక భ్రమ తీసేసుకోండి. పల్లె అంటే చవక అని మనకు నరాల్లో ఉంటుంది, ఎందుకంటే మన ఊళ్లల్లో చదువుకున్నోళ్లంతా హైదరాబాద్ పోయి సగం ఇళ్లకు తాళాలే. అక్కడ ఉల్టా. లండన్‌లో ఇల్లు అమ్ముకున్న రిటైర్డ్ వాళ్లు, కరోనా తర్వాత ఇంటి నుంచి పని చేసుకునేవాళ్లు పల్లెకే వస్తారు. వచ్చేవాళ్లు పెరిగితే ఇళ్లు పెరగాలి కదా అంటే, పెరగవు. మన దగ్గర పొలాన్ని నాలా కన్వర్షన్ చేయించి వెంచర్ కొట్టినట్టు అక్కడ కుదరదు, 1947లో తెచ్చిన చట్టం నుంచీ అక్కడి స్థానిక ప్రభుత్వం ఇచ్చే ప్లానింగ్ పర్మిషన్ లేకుండా పొలంలో ఇల్లు లేపలేరు. అందుకే చాలా చోట్ల పక్క టౌన్‌లోని ఇంటి కంటే ఊరి ఇల్లే ఖరీదు.

ఇంగ్లండు మొత్తం మీద సగటు ఇల్లు దాదాపు 2 లక్షల 90 వేల పౌండ్లు. పౌండుకు 115 రూపాయలు వేసుకున్నా 3 కోట్ల 33 లక్షలు (కింద కూడా ఇదే లెక్క వాడతాను). ఉత్తరాన నార్త్ ఈస్ట్ వైపు ఇంతకంటే చాలా తక్కువ, లండన్ చుట్టుపక్కల చాలా ఎక్కువ. మావాళ్లుండే ష్రాప్‌షైర్ జిల్లా మధ్యరకం. మేం తిరిగిన ఊళ్లల్లో గోడకు గోడ ఆనుకున్న రెండు బెడ్రూముల ఇల్లు రెండు లక్షల పైన చెప్పారు, ఒక వైపు గోడ కలిసిన మూడు బెడ్రూముల ఇల్లు మూడు లక్షల అటూ ఇటూ, నాలుగు వైపులా ఖాళీ ఉన్నది కావాలంటే నాలుగున్నర లక్షలు.

గజాలు అడక్కండి

మొదటి ఇంట్లోనే నా పరువు పోయింది. "మొత్తం ఎన్ని గజాలు? ఎన్ని గుంటలొస్తది?" అని అల్లుణ్ని అడగమన్నాను. బిడ్డ నవ్వి, "నాయినా, ఇక్కడ గజాలు అడగరు, బెడ్రూములు అడుగుతరు" అంది. నిజంగానే అంతే. స్థలం లెక్క వెనకపడుతుంది, ఎన్ని పడక గదులు, గోడ ఎవరితో కలుస్తుంది, తోట ఏ దిక్కు అన్నదే ధర. ఇంకో విచిత్రం: మనం దక్షిణం ఫేసింగ్ అంటే మొహం తిప్పుకుంటాం, వాళ్లు దక్షిణం వైపు తోట ఉంటే ఎక్కువ ధర పెడతారు. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే, పైగా చలికాలంలో బాగా కిందికి ఉంటాడు కాబట్టి, ఎండ పడాలంటే అటే తెరుచుకోవాలి. మా ఇంటామె వాస్తు పుస్తకం తీస్తే అల్లుడు ఈ మాట చెప్పి, డిసెంబరులో ఉత్తరం వైపు తోట ఉన్న ఒక ఇంటికి తీసుకుపోయి చూపించాడు. మధ్యాహ్నం పన్నెండుకు కూడా గడ్డి మీద మంచు కరగలేదు. ఆమె మళ్లీ పుస్తకం తియ్యలేదు.

ధర విషయంలో మాత్రం వాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చింది. 1995 నుంచి ఏ ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో ల్యాండ్ రిజిస్ట్రీ వాళ్లు బయటపెడతారు, ఇంటి అడ్రసుతో సహా, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మన దగ్గర రిజిస్ట్రేషన్‌లో ఒకటి, చేతిలో ఒకటి. పక్కింటి అసలు ధర తెలుసుకోవాలంటే ఊరంతా అడగాలి, అయినా నిజం తెలియదు. మీ పిల్లలు ఇల్లు చెప్పగానే ఆ వీధిలో పోయిన ఐదేళ్లలో అమ్ముడైన ధరలు పంపమని అడగండి. మన ఈసీ లాగా ఇంటి టైటిల్ కాపీ కూడా 7 పౌండ్లకు ఎవరికైనా ఇస్తారు.

ఇల్లు చూడటమంటే గోడలు చూడటం కాదు

మన దగ్గర ప్లాటు కొనేటప్పుడు ఏం అడుగుతాం? బోరు ఎన్ని ఫీట్లకు పడింది, దారి ఎవరిది, శిఖం భూమి కాదు కదా. అక్కడ కూడా అవే అడగాలి, పేర్లే వేరు.

మొదటిది వేడి. టౌన్‌లో ఇళ్లకు పైపుల్లో గ్యాస్ వస్తుంది, దాంతో గోడలకున్న రేడియేటర్లు వేడెక్కుతాయి. చాలా పల్లెలకు ఆ పైపు లేదు. ఇంటి వెనక వెయ్యి లీటర్లు పట్టే ట్యాంకు పెట్టుకుని కిరోసిన్ పోయించుకుంటారు. అవును, మన గాసునూనే! రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడ్డ మనం, ఇంగ్లండులో ట్యాంకర్ వచ్చి ఇంటికి గాసునూనె పోసిపోవడం చూస్తే నవ్వొస్తుంది. కానీ నవ్వే సంగతి కాదు. మామూలుగా ఒకసారికి కనీసం 500 లీటర్లు పోయించుకోవాలి, మొత్తం డబ్బు ముందే కట్టాలి, గ్యాసుకూ కరెంటుకూ ప్రభుత్వ సంస్థ పెట్టే గరిష్ఠ ధర దీనికి వర్తించదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు లీటరు ఒక పౌండు దాటింది. కొన్ని ఊళ్లల్లో పది ఇళ్లవాళ్లు కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టి ధర తగ్గించుకుంటారు, ఆ ఊళ్లో అలాంటిది ఉందేమో కనుక్కోమనండి. అమ్మకానికి పెట్టిన ఇళ్లకు మామూలుగా ఈపీసీ అని ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఇంటికి కరెంటు, ఇంధనం ఎంత ఖర్చవుతుందో చూసి ఏ నుంచి జీ దాకా గ్రేడు ఇస్తారు. ఎఫ్, జీ వచ్చిందంటే ఆ ఇల్లు వేడిని నిలబెట్టుకోలేదు, చలికాలంలో డబ్బు కాల్చుకోవడమే.

రెండోది మురుగు. పల్లె ఇళ్లల్లో చాలావాటికి సెప్టిక్ ట్యాంకే. అది మనకు తెలిసిందే అనుకోకండి, రూలు గట్టిది: ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకో కాలువలోకో వదలడం 2020 నుంచి కుదరదు, నేలలో ఇంకేలా పైపుల ఏర్పాటన్నా ఉండాలి, లేకపోతే శుద్ధి చేసే చిన్న ప్లాంటన్నా పెట్టుకోవాలి. మేం చూసిన ఏడో ఇంట్లో అమ్మేవాళ్లు "ఎన్నో ఏళ్ల నుంచి ఇట్లే ఉంది, ఎప్పుడూ ఇబ్బంది లేదు" అన్నారు. పైపు ఎక్కడికి పోతుందని నేనే తోట చివరికి నడిచి చూశాను, కంచె కింద నుంచి వాగులోకి. మార్చాలంటే వేల పౌండ్లు, ముందే తేల్చుకోకపోతే అదీ కొన్నవాడి నెత్తిన. ఇంకుడు గుంత ఎక్కడుందో చూపించనివాణ్ని ఇంకేదీ అడగొద్దు, వచ్చేయండి.

నీళ్లు. నల్లగొండోణ్ని కాబట్టి ప్రతి ఇంట్లో ఫ్లోరైడ్ ఎంత అని అడిగాను. ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తెలిసిందేంటంటే, పక్కనే ఉన్న బర్మింగ్‌హామ్‌లో 1964 నుంచి పళ్లు పుచ్చిపోకుండా నీళ్లల్లో వాళ్లే ఫ్లోరైడ్ కలుపుతున్నారట, లీటరుకు ఒక మిల్లీగ్రాము లెక్కన! మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో మన వాళ్ల నడుములు వంగిపోయిన దాన్ని వాళ్లు కొలిచి కలుపుకుంటున్నారు. డబ్ల్యూహెచ్ఓ హద్దు 1.5 మిల్లీగ్రాములు, దాని లోపలే కాబట్టి భయమేం లేదు. అసలు చూడాల్సింది వేరే: ఇంటికి కంపెనీ నీళ్లు వస్తున్నాయా, లేక సొంత బోరు, ఊట నీళ్లా అన్నది. సొంతవైతే పరీక్ష రిపోర్టు అడగాలి.

పాత ఇళ్ల మోజు గురించి ఒక మాట. ఆ నల్ల కర్రలు, తెల్ల గోడలు, పైన గడ్డి కప్పు చూస్తే పిల్లలు పడిపోతారు. వందల ఏళ్ల ఇళ్లల్లో చాలావాటికి లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడం అనే ముద్ర ఉంటుంది, ముద్ర ఉంటే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి, అనుమతి లేకుండా మారిస్తే అది నేరం. ఇంతకు ముందున్న యజమాని చేసిన తప్పు కూడా కొన్నవాడే సరిచేసుకోవాలి. ఇక గోడలు: మన తాతల నాటి డంగు సున్నం ఇళ్లు గుర్తున్నాయి కదా, సున్నం గోడ తేమ పీల్చి తేమ వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండి గోడ కుళ్లుతుంది. అక్కడా అదే కథ. కొత్తగా రంగు వేసి ఉంటే, అందులోనూ గోడ కింది భాగంలోనే వేసి ఉంటే, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడండి. నేను చూశాను, ఏజెంటు వింతగా చూశాడు, చూడనీ.

వరద సంగతి ఇంటి పోస్ట్‌కోడ్ కొడితే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. ష్రూజ్‌బరీని చుట్టుకుని సెవర్న్ నది పారుతుంది, 2020 ఫిబ్రవరిలో బాగా ముంచింది. వరద ప్రాంతాల ఇళ్లకు ఇన్సూరెన్స్ అందుబాటు ధరలో దొరకాలని 2016లో ఒక పథకం పెట్టారు గానీ 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్లకు అది వర్తించదు. అంటే నది పక్కన కొత్త ఇల్లు కొనడం పాత ఇల్లు కొనడం కంటే ప్రమాదం.

ధర అనుమానంగా తక్కువుంటే

అసైన్డ్ భూమి మన దగ్గర ఎందుకు చవకో తెలుసు కదా. అక్కడ కూడా ఒక ఇల్లు చుట్టుపక్కల ధర కంటే బాగా తక్కువుందంటే ఏదో ముడి ఉన్నట్టే. వ్యవసాయం చేసేవాళ్లే ఉండాలన్న షరతు ఉండొచ్చు, ఆ ఊళ్లో ఇన్నేళ్లు ఉన్నవాళ్లకో పనిచేసేవాళ్లకో మాత్రమే అమ్మాలన్న షరతు ఉండొచ్చు, బ్యాంకు లోన్ ఇవ్వని రకం కట్టడం అయ్యుండొచ్చు. దారి కూడా చూసుకోవాలి. ఇంటి ముందు రోడ్డు కౌన్సిల్‌దా (మన మున్సిపాలిటీ, పంచాయతీ లాంటిది), ప్రైవేటుదా, ప్రైవేటుదైతే గుంతలు ఎవరు పూడ్చాలి? తోట మధ్య నుంచి అందరూ నడిచే కాలిబాట ఉన్న ఇళ్లు కూడా ఉంటాయి. దాన్ని మూసెయ్యడానికి లేదు, బండ్ల బాట గొడవలు చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్లో బతుకు

వేసవిలో చూసి కొనొద్దు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, పూలు, పిచ్చుకలు, పచ్చిక, ఎవరైనా మోసపోతారు. డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి. వీధి దీపాలు లేని ఊళ్లు చాలా ఉన్నాయి, నడవడానికి ఫుట్‌పాత్ కూడా ఉండదు, రెండు వైపులా ఎత్తు కంచెల మధ్య సన్న దారిలో కార్లు గంటకు 60 మైళ్లతో వస్తాయి. మా ఇంటామె బతుకమ్మ ఆడిన మనిషి, సాయంత్రమైతే అరుగు మీద నలుగురితో మాట్లాడందే అన్నం దిగదు. స్నేహితుల ఇల్లని ఒక పల్లెలో మూడు రోజులున్నాం, రోడ్డు మీద మనిషన్నవాడు కనిపిస్తే ఒట్టు. కుక్కను తిప్పేవాళ్లు మాత్రం "మార్నింగ్" అని నవ్వి పోతారు. మనుషులు మంచివాళ్లే, పలకరిస్తేనే పలుకుతారు. మన రచ్చబండ లాంటిది కావాలంటే అక్కడ పబ్బే.

బస్సు రోజుకు రెండు మూడు సార్లు వస్తే గొప్ప, ఆదివారం చాలా ఊళ్లకు రాదు. ఇద్దరూ పని చేస్తే రెండు కార్లు తప్పవు. మన ఇండియా లైసెన్స్ అక్కడ స్థిరపడ్డ 12 నెలల దాకానే చెల్లుతుంది, ఆ తర్వాత వాళ్ల పరీక్ష పాసవ్వాలి, ఫెయిలయ్యేవాళ్లు తక్కువేం కాదు. ఫోన్ సిగ్నల్ ఇంటి లోపల ఉందో లేదో, బ్రాడ్‌బ్యాండ్ ఎంత స్పీడో ఆఫ్‌కామ్ (ఫోన్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో అడ్రసు కొట్టి చూడొచ్చు. అల్లుడి లాంటివాళ్లకు ఇది నీళ్లంత ముఖ్యం. పిల్లల బడి దూరమైతే, ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు 2 మైళ్లు, పైవాళ్లకు 3 మైళ్లు దాటితే, దగ్గర్లోని తగిన బడికి కౌన్సిలే ఉచితంగా పంపాలి. బియ్యం, గోంగూర, పచ్చిమిర్చికి మావాళ్లు నెలకోసారి బర్మింగ్‌హామ్ వైపు పోతారు, అటే టివిడేల్‌లో బాలాజీ గుడి, గంట ప్రయాణం.

ఇంటి పన్ను గురించి కూడా అడగండి. కౌన్సిల్ ట్యాక్స్ అంటారు, ఇంటి విలువను 1991 ఏప్రిల్ నాటి ధర ప్రకారం ఏ నుంచి హెచ్ దాకా బ్యాండ్లుగా విడగొట్టి వసూలు చేస్తారు. 2025-26లో డీ బ్యాండుకు సగటు 2,280 పౌండ్లు, అంటే 2 లక్షల 60 వేలు, ప్రతి ఏడాదీ! మన గ్రామ పంచాయతీకి కట్టేది గుర్తు తెచ్చుకుని నేను కాసేపు మాట్లాడలేదు.

నా సలహా ఒకటే, ఏ ఊరు నచ్చిందో ఆ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఒక చలికాలం అద్దెకుండమనండి.

బయానా ఉండదు

ఇది మనవాళ్లకు జీర్ణం కాదు. మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకుంటే మాట కట్టుబడినట్టు. ఇంగ్లండులో ధర ఒప్పుకున్నాక కూడా చాలా వారాలు ఎవరికీ ఏ బంధనమూ ఉండదు. లాయర్లు కాగితాలు చూసుకుని సంతకాలైన ఒప్పందాలు ఇచ్చిపుచ్చుకునే రోజు వస్తుంది, ఆ రోజు మామూలుగా 10 శాతం కడతారు, అప్పుడే గట్టి. అంతకు ముందు అమ్మేవాడు ఎక్కువిచ్చేవాడికి అమ్మేసుకోవచ్చు. మావాళ్లకు మే నెలలో అదే జరిగింది, లాయరుకూ, సర్వేకూ (భూమి కొలత కాదు, నిపుణుడితో ఇంటి కట్టడాన్ని తనిఖీ చేయించడం) పెట్టిన దాదాపు 1,500 పౌండ్లు గంగలో పోశారు. ధర ఒప్పుకోగానే ఇంక మార్కెట్ నుంచి ఇల్లు తీసేయమని అడగాలి, అదీ ఏజెంటుకు రాతపూర్వకంగా. సర్వే మాత్రం ఎగ్గొట్టొద్దు, పాత ఇల్లయితే అన్నిటికంటే వివరంగా చూసే లెవెల్ 3 సర్వే చేయించాలి. బ్యాంకు వాళ్లు చేసే వాల్యుయేషన్ బ్యాంకు కోసం, మీ కోసం కాదు.

మీ డబ్బు, మీ పేరు

ఇప్పుడు అసలు సంగతి. నేను చేసిన తప్పు చెప్తాను.

బిడ్డ పెళ్లప్పుడు దేవరకొండ రోడ్డులో ఉన్న ఇల్లు ఆమె పేరున గిఫ్ట్ డీడ్ చేయించాను, ఇవాళ 60 లక్షలు పలుకుతుంది. మంచి పనే అనుకున్నా. ఇంగ్లండులో మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు స్టాంప్ డ్యూటీలో రాయితీ ఉంది, 5 లక్షల పౌండ్ల లోపు ఇంటికి మొదటి 3 లక్షల మీద ఏమీ కట్టక్కర్లేదు, ఆపైన దానికి 5 శాతం. మావాళ్లు చూసిన ఇల్లు 3 లక్షల 40 వేలు, కాబట్టి 2,000 పౌండ్లే కదా అని లెక్కేసుకున్నారు. లాయరు ఒక్క ప్రశ్న వేశాడు: ప్రపంచంలో ఎక్కడైనా మీకు ఇల్లుందా, ఎప్పుడైనా ఉండేదా? నల్లగొండ కూడా ప్రపంచంలోనే ఉంది. రాయితీ పోయింది, మామూలు లెక్కన 7,000 అయ్యింది. అక్కడితో ఆగలేదు, 40 వేల పౌండ్లు ఆ పైన విలువ చేసే ఇంకో ఇల్లు చేతిలో ఉండగా కొంటే మొత్తం ధర మీద ఇంకో 5 శాతం, అంటే 17,000. కలిపి 24,000 పౌండ్లు, మన లెక్కలో 27 లక్షల 60 వేలు. అల్లుడి ఒక్కడి పేరున కొందామా అంటే, భార్యకున్న ఇల్లు భర్తకూ లెక్కేస్తారట, పైగా ఒక్క జీతం మీద అంత లోన్ రాదు.

చివరికి బిడ్డ బతుకమ్మకు వచ్చినప్పుడు ఆ ఇంటిని మళ్లీ నా పేరున గిఫ్ట్ చేయించాం. తాళం చెవి తీసుకునే రోజుకు ఆమె చేతిలో వేరే ఇల్లు లేదు కాబట్టి 17,000 తప్పింది. మొదటి కొనుగోలు రాయితీ మాత్రం ఎప్పటికీ రాదు, ఒకసారి ఉన్నా ఉన్నట్టే. కాబట్టి విదేశంలో ఉన్న పిల్లల పేరున ఇక్కడ ఇల్లు రాయించే ముందు ఆగండి. ఖాళీ ప్లాటు, పొలం ఈ లెక్కలోకి రావు. ఇవన్నీ 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లు, వాళ్ల బడ్జెట్‌లో మారుతుంటాయి, అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లెక్క కట్టే క్యాలిక్యులేటర్ ఉంది, కొనే ముందు చూసుకోమనండి.

అలాగే "నా డబ్బు కదా, నా పేరు కూడా పెట్టండి" అనకండి. మీరు అక్కడ ఉండేవాళ్లు కాదు కాబట్టి అక్కడ నివాసం లేనివాళ్లకు వేసే అదనపు 2 శాతం పడుతుంది, ఇక్కడ మీకు ఇల్లుంటే ఆ 5 శాతం కూడా పడుతుంది. పైగా లోన్ ఇచ్చే బ్యాంకు మీ దగ్గర ఉత్తరం రాయించుకుంటుంది, ఇది బహుమతి, తిరిగి అడగను, ఇంట్లో నాకు వాటా లేదు అని. చిన్న కొడుకుతో తర్వాత గొడవ రాకూడదనుకుంటే ఈ మాట ఇంట్లో ముందే అందరికీ చెప్పండి.

పంపడం ఎలా అంటే, బ్యాంకులో ఎల్ఆర్ఎస్ కింద (మన లేఅవుట్ల ఎల్ఆర్ఎస్ కాదు, విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పద్ధతి) ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2 లక్షల 50 వేల డాలర్ల దాకా పంపొచ్చు. ఆ ఏడాదిలో 10 లక్షలు దాటిన దాని మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది పోదు, రిటర్న్ వేస్తే సర్దుబాటో రీఫండో వస్తుంది, కానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. అందుకే నేను కొంత, మా ఇంటామె ఖాతా నుంచి కొంత, మార్చి 31కి ముందు కొంత, తర్వాత కొంత పంపాం. పొలం అమ్మి పంపేవాళ్లు చూసుకోవాల్సింది, మున్సిపాలిటీ హద్దుకు దూరంగా ఉన్న వ్యవసాయ భూమి మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, నల్లగొండ లాంటి లక్ష జనాభా దాటిన పట్టణానికి 6 కిలోమీటర్ల లోపల ఉంటే ఉంటుంది. ఇంకోటి, అక్కడి లాయరు ఈ డబ్బు ఎక్కడిదని సేల్ డీడ్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ అడుగుతాడు. డీడ్‌లో 18 లక్షలు రాసి మొత్తం 40 తీసుకున్నవాళ్లకు ఆ 22 లక్షలు ఇంగ్లండులో ఎందుకూ పనికిరావు.

మావాళ్లకు ఆ మరుసటి నవంబర్‌లో తాళాలొచ్చాయి, వీడియో కాల్‌లో చూశాం. ఆ రోజు చెయ్యాల్సిన పని ఒకటుంది, సామాను దించక ముందే కరెంటు మీటరు, నీళ్ల మీటరు ఫొటో తీసి, గాసునూనె ట్యాంకులో ఎంతుందో కొలుచుకోవాలి. ట్యాంకులో మిగిలిన నూనెకు అమ్మేవాళ్లు విడిగా డబ్బు తీసుకుంటారు, వాళ్లు చెప్పిన 400 లీటర్లకు మావాళ్లు కట్టేశారు. మూడో రోజు రాత్రి రేడియేటర్లు చల్లబడ్డాయి. ట్యాంకర్ రావడానికి ఎనిమిది రోజులు పట్టింది.